పట్టు

వర్క్‌షాపు తాళాలు నా దగ్గరుంటాయి.
పంతొమ్మిదేళ్ళు వేగాస్ కాసినోలో తెర వెనక తాళ్ళు లాగి
మోకాలు మొరాయించాక ఈ కాలేజీకొచ్చాను.
పిల్లలు నన్ను పేరుతో పిలవరు.
"తాళాలు వచ్చాయి" అంటారు.

ఈ ఏడు ఆఖరి ప్రాజెక్టు ముగ్గురిది:
యోదిత్, కెకోవా, దెల్ఫీనా.
కట్టాల్సింది ఒక దీపం పురుగు.
పద్నాలుగడుగుల రెక్కలతో, వీపున ఒక మనిషితో
కప్పు నుంచి దిగాలి,
జనం తలల మీద ఒక్క చుట్టు తిరిగి
లాంతరు దగ్గర ఆగాలి.
అంతే, అన్నారు సెప్టెంబరులో.
ఆ "అంతే" ఎన్ని సెప్టెంబర్లలో విన్నానో.

రెక్కలకి పట్టు.
నలభై ఏళ్ళు నాట్యగత్తెల ఈకల దుస్తులు కుట్టిన
దెల్ఫీనా అమ్మమ్మ
వంటింటి బల్ల మీద పరిచి కుట్టింది.
సూదిలోకి దారం ఎక్కించడం మటుకు మనవరాలి పని.

నవంబరులో మోటారు కాలిపోయింది.
జనవరిలో కెకోవా లెక్కలో ఒక సున్నా మింగేశాడు,
గిలక వంగింది.
ఫిబ్రవరంతా ముగ్గురికీ మాటల్లేవు.
రెండడుగుల దూరాన నిలబడి
"ఆమెను స్పానరు ఇమ్మనండి" అని నాకు చెప్పేవాళ్ళు.
యోదిత్ వాళ్ళ నాన్న
రాత్రి టాక్సీ దిగి తెల్లారగట్ల ఇంజెరా తెచ్చేవాడు,
ఒకటే పెద్ద పళ్ళెం.
అందులో చేతులు పెట్టాలంటే
మోకాళ్ళు ఆనించుకుని కూర్చోక తప్పదు.

మార్చిలో పురుగు ఎగిరింది.
ప్రొఫెసర్ హాల్వర్‌సన్ తల ఎత్తి చాలాసేపు చూసింది.
"అందంగా ఉంది" అంది.
తర్వాత, కళ్ళజోడు తుడుచుకుంటూ,
"కరెంటు పోతే?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
నేను నేల చూశాను.

ఒక బుధవారం రెండో ఆటలో మాకు పోయింది.
తాడు పరిగెత్తే చప్పుడు
చెప్పినా ఎవరికీ రాదు.
పట్టుకున్నాను. పట్టుకున్నాననే అనుకున్నాను.
అది నా అరచేతుల గీతలన్నీ తుడుచుకుపోయింది.
జాతకం చెప్పేవాడికి నా దగ్గర పనిలేదు.
పైనుంచి పడ్డ మార్విన్ ఇప్పుడు కర్రతో నడుస్తాడు,
నడుస్తాడు, అది చాలు.

ఆ సాయంత్రం తాళాలు తీసుకుంటూ
యోదిత్ నా చెయ్యి చూసింది.
ఏమీ అడగలేదు.
మర్నాటి కాగితం మీద రెండో బ్రేకు ఉంది.
కరెంటు ఉన్నంతసేపూ తెరుచుకుని,
పోయిన క్షణాన తనంత తానే బిగిసేది.
బొమ్మ పక్కన, పెన్సిలుతో, చిన్నగా,
ఒక అరచెయ్యి.

మే నెల. బయట నూటెనిమిది డిగ్రీలు.
మనిషి బదులు ఎనభై కిలోల ఇసుక మూట,
దానికి కెకోవా తన పువ్వుల చొక్కా తొడిగాడు.
మూట సగం దిగింది.
యోదిత్ ఎర్ర బటను నొక్కింది.

చీకటి.
ఠక్.

ఎవరో టార్చి వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో!
మూట గాల్లోనే ఉంది,
చొక్కా అంచు మెల్లగా ఊగుతోంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
దెల్ఫీనా నేల మీద కూలబడి
ముక్కు చీదుకుంది.

ఆట రోజు ఊరంతా వచ్చింది.
అమ్మమ్మ ముందు వరుసలో కూర్చుని
కుట్లు లెక్కపెట్టుకుంది.
జనం ఆ పట్టు చూసి ఆహా అన్నారు.
ఇంకో పట్టు పైన, ఇనుప దూలాల మధ్య,
చీకట్లో, నల్ల రంగు వేసుకుని ఉంది.
దాని పని రాకపోవడమే దాని మంచి రోజు.

అందరూ వెళ్ళాక తాళం వెయ్యబోయి
ఆగాను.
కరెంటు తీశాను, ఒక్కణ్ణే.
ఠక్.
వేసి, మళ్ళీ తీశాను.